మనిషి అడుగు పడని చోటు

శవాన్ని గట్టు మీదికి లాగి పడుకోబెట్టగానే ఆఫీసరు అడిగిన మొదటి మాట: "గుడ్లు ఎక్కడ?"

ఊపిరి ఉందా అని అడగలేదు. ఎవరీమె అని అడగలేదు. పక్షులను కాపాడమని ప్రభుత్వం చదువు చెప్పించి, జీపూ టోపీ ఇచ్చి పంపిన మనిషి కదా, ఆయన మనసంతా గుడ్ల మీదే ఉంది.

చచ్చిపోయింది చిన్నకోడలు. నీళ్ళలోంచి ఆమెను మోసుకొచ్చింది ఇంటివాళ్ళే. తోడికోడలి తలను ఒళ్ళో పెట్టుకుని పెద్దకోడలు కూర్చుంది. రుద్దితే లేస్తుందన్నట్టు అత్త కోడలి అరికాళ్ళు రుద్దుతూ ఉంది. మిగతా కూలీలు చుట్టూ నిలబడ్డారు. అందరి నెత్తిన పచ్చగుడ్డలు, చేతుల్లో రేకు డబ్బాలు, ఒంటి నుంచి కారుతున్న బురద నీళ్ళు.

కాంట్రాక్టర్ కళ్ళతో సైగ చేశాడు. సూపర్‌వైజర్ క్యాంటీన్ వైపు పరుగెత్తాడు. వచ్చి శవం మీదికి వంగి, ఆమె నడుముకు కట్టుకున్న సంచిలో చెయ్యి పెట్టి పైకి తీశాడు. "ఇవిగో సార్!"

అవి కోడిగుడ్లు. క్యాంటీన్లో ఆమ్లెట్ల కోసం తెప్పించినవి. ఒకదాని మీద కోళ్ళఫారం వాళ్ళ నీలి ముద్ర కూడా ఉంది. మడుగులో బతికే ఏ పిట్టా తన గుడ్డు మీద ముద్ర వేయించుకోదు. ఆఫీసరు ఆ గుడ్డును ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, గంభీరంగా, "రక్షిత జాతి," అన్నాడు.

"కోడిగుడ్లు అవి," అంది పెద్దకోడలు.

"శవం దగ్గర గొడవ చెయ్యకమ్మా. బాగుండదు," అన్నాడు ఆఫీసరు. మర్యాద తెలిసిన మనిషి.

ఆ మడుగు జనం సొత్తు. గేటు మీద అలాగే రాసి ఉంటుంది: ప్రభుత్వ పక్షి సంరక్షణ క్షేత్రం, ప్రజలందరిదీ. జమ్ము, తుంగ, బురద మేటలు, వాటి మధ్య లెక్కలేనన్ని నీటికోళ్ళు, బాతులు, కొంగలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి గూళ్ళు పెట్టుకుని, పిల్లల్ని చేసుకుని పోతాయి. చూసుకోవలసింది శాఖ. శాఖకు తీరిక లేక సందర్శకుల విహారాన్ని కాంట్రాక్టర్ చేతిలో పెట్టింది. కాంట్రాక్టర్ మోటారు పడవలు దించాడు, ఎత్తుగా మంచె కట్టించాడు, ప్రతి చెట్టుకూ ఒక బోర్డు కొట్టించాడు: నిశ్శబ్దం పాటించండి, పక్షులకు భంగం కలిగించకండి.

వచ్చిన చిక్కల్లా పిట్టలతోనే. ఎండెక్కితే అవి జమ్ములో దూరి కూర్చుంటాయి. టిక్కెట్టు కొన్నవాళ్ళకు కూర్చున్న పిట్ట పనికిరాదు. ఎగరాలి. గుంపులు గుంపులుగా, సూర్యుడికి అడ్డంగా, ఫోటోకు సరిపోయేలా ఎగరాలి. అందుకని కాంట్రాక్టర్ కూలీలను జమ్ములోకి దించాడు. కాగితాల మీద వీళ్ళు గుర్రపుడెక్క ఏరేవాళ్ళు. పొద్దున ఏరేది నిజమే. షో సమయానికి మాత్రం నెత్తిన పచ్చగుడ్డ కప్పుకుని, నడుంలోతు నీళ్ళలో వరసగా నక్కి కూర్చోవాలి. గట్టు మీద సూపర్‌వైజర్ ఈల ఊదుతాడు. వరస చివరి మనిషి డబ్బా కొట్టాలి, అది విని పక్క మనిషి, అది విని ఆ పక్క మనిషి. క్షణంలో మడుగు మడుగంతా హడలెత్తి ఆకాశానికి లేస్తుంది. మంచె మీద ప్రకృతి ప్రేమికులు ఆహా ఓహో అంటారు. ఆ చప్పుడేమిటని ఎవరైనా అడిగితే గైడు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "దూరంగా రైతులు పంటకు కాపలా కాస్తున్నారండీ."

కూలీలకున్న నియమం ఒక్కటే. కనపడకూడదు. పాము కుట్టినా, పడవ మీదికొచ్చినా, తల జమ్ము పైకి లేవకూడదు.

చిన్నకోడలు ఆ నియమం తప్పలేదు. ఎవరో పెద్దింటి అతిథికి గూడును దగ్గరగా ఫోటో తీయాలనిపించింది. కాంట్రాక్టర్ పడవలోనే ఉండి, "లోపలికి పోనీ, పోనీ," అని అరిచాడు. పడవ జమ్ములోకి దూసుకొచ్చింది. లేచి పక్కకు దూకితే బతికేది. లేస్తే అతిథికి కనపడుతుంది. నక్కే ఉండిపోయింది.

వారం తిరక్కుండా గేటు దగ్గర ఇంకో బోర్డు వెలిసింది. గుడ్లు దొంగిలించడానికి చొరబడిన మహిళ మునిగి మృతి, చొరబాట్లు ప్రాణాంతకం, హెచ్చరిక. పక్కన పుర్రె బొమ్మ. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

దూరాన వంతెన పనిలో ఉన్న చిన్నకొడుకు కబురు అంది వచ్చాడు. రెండు రోజులు ఏడ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు గేటు ముందు ఆగి ఆ బోర్డు చదివాడు. తల్లి వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నిజంగానే గుడ్ల కోసం వెళ్ళిందా?"

ఆ మాట పెద్దకోడలి చెవిన పడింది. మనిషిని చంపారు, సరిపోలేదు. కట్టుకున్నవాడి మనసులో కూడా దాన్ని దొంగను చేసి పెట్టారు. ఆ బోర్డు దిగాలి. డ్యూటీలో చచ్చిపోయిందని వాళ్ళ నోటితోనే చెప్పించాలి. అంతవరకు నిద్ర పట్టదనుకుంది.

ఆఫీసు మెట్లెక్కింది. ఆఫీసరు ఓపికగా విన్నాడు. "చూడమ్మా, పిట్టల్ని బెదిరించడం చట్టరీత్యా నేరం. అలాంటి పని మా క్షేత్రంలో జరగదు. జరగని పనిలో మనిషి ఎలా చస్తుంది?" అన్నాడు. చదువుకున్నవాడి తెలివి అది. చచ్చిన మనిషిని చూపిస్తే పని లేదంటాడు, పని చూపిస్తే నేరమంటాడు.

మర్నాడు జమ్ములోకి దిగే ముందు పెద్దకోడలు వరసంతా తిరిగి చెప్పింది: ఇవాళ ఎవ్వరూ కొట్టొద్దు. అందరూ సరేనన్నారు. నక్కి కూర్చున్నారు. ఈల మోగింది.

ఠాంగ్!

వరస చివర అత్త డబ్బా మోగింది. అది విని పక్కామె కొట్టింది. అది విని ఆ పక్కాయన. ఏం జరుగుతోందో తెలిసేసరికి అందరి చేతులూ ఆడుతున్నాయి, పెద్దకోడలి చేతులతో సహా. పిట్టలు లేచాయి. మంచె మీద చప్పట్లు.

అత్త తన చేతిని తనే చూసుకుంటూ నీళ్ళలో కూర్చుండిపోయింది. ఏళ్ళ తరబడి ఆ ఈలకు కొట్టిన చెయ్యి. కోడలు చచ్చిందని దానికి ఎవరూ చెప్పలేదు.

సంగతి కాంట్రాక్టర్ చెవిన పడింది. కూలీలు గట్టెక్కేసరికి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "సమ్మె చేస్తారటగా? చెయ్యండి. మీ చేతులు మీకంటే బుద్ధిమంతులు. అన్నం పెట్టేవాణ్ణి గుర్తుపడతాయి." సూపర్‌వైజర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. యజమాని నవ్వితే నవ్వడం కూడా వాడి ఉద్యోగంలో భాగమే.

ఆ సాయంత్రం పడవల షెడ్డులో మీటింగు. గోడ నిండా టూరిస్టుల లైఫ్ జాకెట్లు నారింజ రంగులో వేలాడుతున్నాయి. నీళ్ళకు పైన పడవలో కూర్చునేవాళ్ళకు జాకెట్లు. నీళ్ళలో ఉండేవాళ్ళకు పచ్చగుడ్డ.

"తప్పు నాదే," అంది అత్త. "నా చేతులు విరగ్గొట్టండి."

"నీ ఒక్కదానిదేనా అత్తా? నేనూ కొట్టాను."

"అసలు దిగొద్దు," అన్నాడు గడకర్ర పట్టే పెద్దాయన. "అందరం ఇంట్లో పడుకుందాం. ఏం చేస్తాడో చూద్దాం."

"ఏం చేస్తాడు? లారీ పంపి వేరేవాళ్ళను దింపుతాడు," అంది పెద్దకోడలు. "మనం ఇంట్లో ఉన్నా, జమ్ములో ఉన్నా వాళ్ళ లెక్కలో మనం లేము బాబాయ్. లేనివాళ్ళు సమ్మె చేస్తే ఎవడికి తెలుస్తుంది?"

"మరేం చేద్దామంటావ్?"

"దిగాలి. నక్కాలి. ఈల మోగాక కొట్టకూడదు. లేచి నిలబడాలి. ఈ మడుగులో మనుషులున్నారని అందరి కంటా పడాలి."

షెడ్డులో గుసగుసలు లేచాయి. కనపడకూడదనే నియమం మీదే బతికినవాళ్ళు. లేచి నిలబడడమంటే బట్టలు లేకుండా నిలబడమన్నట్టు ఉంది వాళ్ళకు.

"పని పోతుంది," అన్నారొకరు.

"పోయేది ప్రాణమైతే ఫరవాలేదా?"

"జైల్లో పెడతారు."

"జైల్లో నీళ్ళు నడుందాకా ఉండవులే," అంది గుర్రపుడెక్క బండి తోలేవాడి పెళ్ళాం. అందరూ నవ్వారు. నవ్వాక భయం కొంచెం తగ్గింది.

అప్పుడు గుమ్మంలో మోటారు కనపడ్డాడు. పడవ నడిపేవాడికి అందరూ పెట్టిన పేరు అది. ఆ రోజు స్టీరింగు పట్టుకున్నది అతనే. చిన్నకోడలు పోయాక ఎవరి కళ్ళల్లోకీ చూడలేదు.

"వదినా, ఇవన్నీ వద్దు. వాళ్ళు పెద్దోళ్ళు."

"నువ్వు పోలీసులకు ఏం చెప్పావు?" అడిగింది పెద్దకోడలు.

"వాళ్ళు చెప్పమన్నదే చెప్పాను. అక్కడ ఎవరూ ఉండరు, ఎక్కడి నుంచో వచ్చి పడవ కింద పడిందని."

"అక్కడ మనుషులుంటారని నీకు తెలీదా?"

"తెలుసు."

"అదే చెప్పు. నువ్వు చంపావని ఎవరూ అనట్లేదు."

"తెలిసి పడవ పోనిచ్చానంటే నన్ను వదుల్తారా వదినా? కాంట్రాక్టర్ పోనీ అన్నాడని ఎవడు నమ్ముతాడు? నాకు పిల్లలున్నారు."

"దానికి పిల్లలు పుట్టే యోగం కూడా లేకుండా చేశారుగా."

మోటారు తల దించుకుని వెళ్ళిపోయాడు. అత్త అతను వెళ్ళిన దిక్కు చూసి ఉమ్మేసింది.

ఆ రోజు నుంచి షెడ్డులో విచిత్రమైన సాధన మొదలైంది. పొద్దున మడుగులో కొట్టడం, సాయంత్రం షెడ్డులో కొట్టకపోవడం. డబ్బాలు పట్టుకుని వరసగా గొంతుక్కూర్చునేవాళ్ళు. గడకర్ర పెద్దాయన నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని ఈల వేసేవాడు. ఠాంగ్! ఎవరిదో చెయ్యి ఆడేది. "ఎవరది? కాంట్రాక్టర్ అల్లుడా?" అని ఏడిపించేవాళ్ళు. మళ్ళీ ఈల. మళ్ళీ ఠాంగ్. బానిసత్వం బుర్రలో ఉంటుందని చదువుకున్నవాళ్ళు అంటారు. ఈ షెడ్డులోకి వచ్చి చూస్తే మణికట్టులో ఉంటుందని తెలిసేది.

అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నది అత్త. ఈల వినపడగానే ఆమె చెయ్యి ఎగిరేది. ఏడ్చేది, తిట్టుకునేది, మళ్ళీ వెయ్యమనేది. ఒక సాయంత్రం పెద్దాయన ఈల వేశాడు. చెయ్యి ఆడలేదు. ఇంకోసారి వేశాడు. వణికింది గాని ఆడలేదు. పెద్దాయన ఊపిరి అయిపోయేదాకా వేశాడు. అత్త డబ్బా కింద పెట్టి, "చాలు. ఇక చెయ్యి నాది," అంది.

కొత్త విహార వేదిక ప్రారంభోత్సవం గూళ్ళ కాలం మధ్యలో పెట్టారు. గుడ్ల మీద తల్లి పిట్టలు కూర్చుని ఉండే రోజులవి. పిట్టలు ఎక్కువుంటాయి, లేపితే ఆకాశం నిండుతుందని కాంట్రాక్టర్ ముహూర్తం అలా కుదిర్చాడు. శాఖ పెద్దసారు వచ్చాడు. ఖాళీ కుర్చీలు నింపడానికి కాలేజీ నుంచి విద్యార్థులను బస్సుల్లో తెచ్చారు. అందరికీ పిట్ట బొమ్మ ఉన్న టోపీలు పంచారు.

పెద్దసారు మైకు పట్టుకున్నాడు. ఆవాసం గురించి మాట్లాడాడు, సమతుల్యత గురించి మాట్లాడాడు, ముందు తరాల గురించి మాట్లాడుతూ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మిత్రులారా, ఇదిగో, మీ ముందున్న ఈ జమ్ము! మనిషి అడుగు పడని చోటు! మన శాఖ కంటికి రెప్పలా కాపాడుతున్న చోటు!"

ఆయన చెయ్యి చాపిన చోట వరస వరసంతా నడుంలోతు నీళ్ళలో నక్కి, ముక్కుల్లోకి దోమలు దూరుతుంటే ఊపిరి బిగబట్టి వింటోంది.

"ఇప్పుడు ఆ రెక్కల పండుగ చూద్దాం," అన్నాడు పెద్దసారు. కెమెరాలు పైకి లేచాయి. సూపర్‌వైజర్ ఈల ఊదాడు.

ఏమీ కాలేదు.

పెద్దసారు చెయ్యి ఆకాశం వైపు చాచినట్టే ఉంది. ఒక కప్ప అరిచింది. సూపర్‌వైజర్ మళ్ళీ ఊదాడు, మెడ నరాలు పొంగేలా. జమ్ము కదల్లేదు. అత్త వైపు చూసే ధైర్యం లేక పెద్దకోడలు కళ్ళు మూసుకుంది.

"పాపం, పిట్టలకు సిగ్గు," అని ఎవరో విద్యార్థి అన్నాడు. కుర్చీల్లో నవ్వులు.

కాంట్రాక్టర్ మొహం జేవురించింది. కొత్త బూట్లతోనే నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయి, ఎవరి చేతిలోనో డబ్బా లాక్కుని తనే బాదాడు. దగ్గరున్న నీటికోడి ఒకటి ఆయన్ని చూసి, గూటి మీద కొంచెం సర్దుకుని కూర్చుంది. ఒక్క మనిషి చప్పుడుకు మడుగు లేవదు. ఎన్నేళ్ళుగానో కూలీలతో కొట్టించినవాడికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"కొట్టండ్రా! కొట్టండే! చచ్చారా అందరూ?" అని అరిచాడు. అతిథులకు స్వాగతం చెప్పడానికి గుండీకి తగిలించుకున్న మైకు తియ్యడం మరిచిపోయాడు. ఆ మాట స్పీకర్లన్నిటిలో మోగింది.

జమ్ములోంచి ఒక తల లేచింది. పెద్దకోడలిది కాదు. అత్త. పచ్చగుడ్డ తీసి నీళ్ళలోకి విసిరేసింది. తెల్లజుట్టు, బురద మొహం, నిటారుగా నిలబడింది. ఆమె పక్కన ఇంకొకరు. ఆ పక్కన ఇంకొకరు. పెద్దకోడలు లేచింది. గట్టు నుంచి గట్టు దాకా, మనిషి అడుగు పడని చోట మనుషులు నిలబడ్డారు. వేదిక మీద ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. పిట్టలు చూద్దామని వచ్చి మనుషుల్ని చూస్తే అంత భయమేస్తుంది మరి.

"ఎవరు వీళ్ళు?" అన్నాడు పెద్దసారు.

"దొంగలు సార్! గుడ్ల దొంగలు!" అన్నాడు కాంట్రాక్టర్ బురదలోంచే.

"మరి ఈల ఎవరికి ఊదించావు?" పెద్దకోడలి గొంతుకు మైకు అక్కర్లేకపోయింది. "దొంగలకా? కొట్టండ్రా అని ఎవర్ని అన్నావు? పిట్టల్నా?"

విద్యార్థులు గొల్లుమన్నారు. ముందు వరసలో ఒకమ్మాయి టోపీ తీసి కింద పడేసి అరిచింది, "వాళ్ళు రోజూ అక్కడే ఉంటారా?"

"రోజూ ఉంటాం తల్లీ! మీరు చప్పట్లు కొట్టేది మా చప్పుడుకే. గేటు దగ్గర బోర్డు చూశావుగా? అది నా తోడికోడలు. ఇక్కడే, ఈ పనిలోనే పడవ కింద పడి చచ్చిపోయింది. ఆ బోర్డు తీసేదాకా మేం కదలం!"

"బోర్డు తియ్యాలి!" అంది వరస. "బోర్డు తియ్యాలి!" కుర్చీల్లో సగం మంది అందుకున్నారు.

పెద్దసారు ఫోను చెవికి పెట్టుకున్నాడు. కాసేపట్లో పోలీసు వ్యాన్లు సైరన్లు మోగిస్తూ దూసుకొచ్చాయి. ఆ మోతకు మడుగు ఒక్కసారిగా లేచింది. వేల రెక్కలు ఆకాశాన్ని కప్పేశాయి. గుడ్లు నీళ్ళలోకి దొర్లాయి. "అద్భుతం! అద్భుతం!" అంటూ ముందు వరస అతిథులు చప్పట్లు కొట్టారు, కెమెరాలు ఎత్తారు. వాళ్ళ వీపుల వెనక పోలీసులు ఒక ముసలామెను జుట్టు పట్టి గట్టు మీదికి ఈడుస్తున్నారు.

"ఏం కేసు?" అడిగింది పెద్దకోడలు, చేతులు వెనక్కి విరిచి ఉండగా.

"పిట్టల్ని బెదరగొట్టారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సరే. బెదరగొట్టాం. రోజూ అదే పని. అయితే చేయించినవాణ్ణి కూడా ఎక్కించు. లేదు, బెదరగొట్టలేదంటావా? మమ్మల్ని వదులు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు సారూ, ఇంతమంది వింటున్నారు."

ఇన్‌స్పెక్టర్ ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు పిట్టల వైపు చూశాడు. అంత చదువూ, అన్ని టోపీలూ కలిసి ఒక్క ముక్క చెప్పలేకపోయాయి. చివరికి ఇన్‌స్పెక్టర్ తనకు చేతనైన జవాబు చెప్పాడు. లాఠీతో ఆమె భుజం మీద కొట్టి వ్యానులోకి తోశాడు. అందరినీ కుక్కారు.

తలుపు వెయ్యబోతుండగా మోటారు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. కాంట్రాక్టర్ దూరం నుంచి చెయ్యి ఊపి పొమ్మంటున్నాడు. మోటారు అటు చూడలేదు.

"ఆ రోజు పడవ నడిపింది నేను," అన్నాడు, విద్యార్థులందరికీ వినపడేలా. "అక్కడ మనుషులుంటారని నాకు తెలుసు. పోనీ అన్న కాంట్రాక్టర్‌కు తెలుసు. గుడ్లు పట్టుకుని చూసిన ఆఫీసరుకూ తెలుసు. ఆమె డ్యూటీలో ఉంది. లేవొద్దన్నారని లేవలేదు."

"నిన్నెవడు అడిగాడ్రా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవడూ అడగడనే చెబుతున్నా."

ఎవరూ తొయ్యకుండానే వ్యాను ఎక్కాడు. లోపల చోటు లేదు. అత్త అతని మొహం చూడలేదు. కాళ్ళు ముడుచుకుని కొంచెం పక్కకు జరిగింది.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. ముందు దారి లేదు. క్యాంటీన్లో వంటవాళ్ళు, టిక్కెట్లు చింపేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు రోడ్డు మీద బైఠాయించారు. టోపీ పడేసిన అమ్మాయి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది. ఆమె వెనకే బస్సుల్లో తెచ్చిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. ఇన్‌స్పెక్టర్ లేవండని అరిచాడు. ఎవరూ లేవలేదు.